గోడమీది బొమ్మ: దానిని సరిదిద్దుకొను విధము



బొమ్మను చూపజాలని రేడియోలో కూర్చుండి, బొమ్మలు చూపు యంత్రమునుగూర్చి ముచ్చటించుట కొంత వింతగా తోచవచ్చును. కాని నేను చెప్పబోవు విషయము కంటికంటె బుద్ధికి ఎక్కువ సంబంధించినది. డిజిటల్ ప్రొజెక్టరు అను యంత్రము నేడు పాఠశాలలకేకాక గ్రామసభలకును, రైతుల సమావేశములకును, పెండ్లిపందిళ్లకును వచ్చినది. దాని వెలుగులో గోడపై పడిన బొమ్మను మనమందరము నమ్ముచున్నాము. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మవచ్చును, నమ్మదగినట్లుగా దానిని ఎట్లు సరిదిద్దుకొనవలెను అను రెండు సంగతులను మనవి చేసెదను. నేను వీనిని పుస్తకములో చదివి నేర్వలేదు. నష్టపడి నేర్చితిని.

నాది మంగళగిరి. చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయుడనుగా చాలకాలము పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నాను. కొండమీద పానకాలస్వామి, కొండక్రింద లక్ష్మీనరసింహస్వామి, ఆ క్రింది గుడికి 11 అంతస్తుల గాలిగోపురము మా ఊరి గుర్తులు. 1807-09 సంవత్సరములలో ఆ గోపురమును కట్టించినవారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు. స్వామి తరువాత మా ఊరికి పేరు తెచ్చినది నేత. గుంటమగ్గముమీద నేసిన నూలుచీర, ఒంటినిండ ఒకే రంగు, దానికి జరీఅంచు, ఇదియే మంగళగిరి చీర యొక్క పాతవాటము. చీరమీద పువ్వులు, బుటాలు లేనందున దాని యందమంతయు రంగులోనే యున్నది. రంగు తప్పినచో చీర తప్పినట్లే.

కొన్ని సంవత్సరముల క్రిందట దూరపు పట్టణములోని యొక దుకాణమువారు మా వీధి నేతగాండ్రను చీరలు అడిగి, కావలసిన రంగు నమూనాను సెల్‌ఫోనులో బొమ్మగా పంపిరి. అంత చిన్న తెరలో పదిమందికి కనబడదని, నేనొక ప్రొజెక్టరును ఎరువు తెచ్చి, సాయంకాలము ఒకరి యింటి సావడిలో గోడమీద ఆ బొమ్మను పెద్దదిగా చూపితిని. ఆ గోడకు నీలిమందు కలిపిన సున్నము వేసియున్నారు. ట్యూబులైట్లు వెలుగుచునే యున్నవి. వెలుగు చాలలేదని నేను యంత్రములో అన్నిటికంటె ప్రకాశవంతమైన పద్ధతిని ఎన్నుకొంటిని. గోడమీద నిమ్మపండు పసుపు కనబడెను. అందరును చూచి సరియనిరి. నూలు అద్దించిరి, పడుగులు పోసిరి, నేసి పంపిరి. దుకాణమువారు కోరినది పండిన మామిడిపండు పసుపు. చీరలన్నియు తిరిగివచ్చెను. నాలుగు ఇండ్లవారి నెలనాళ్ల శ్రమ వ్యర్థమయ్యెను.

వారిలో పెద్దవాడైన యొక నేతగాడు నాయొద్దకు వచ్చి కోపపడలేదు. “మాస్టారూ, ఆ కొట్టువాళ్లను మేం చూడలేదండీ. మీరు చూపించారని నమ్మాం,” అని మాత్రము చెప్పి వెళ్లెను. ఆ మాట నన్ను చాలకాలము నిద్రపోనీయలేదు. దుకాణమువారు పంపిన బొమ్మలో దోషము లేదు. యంత్రము చెడిపోలేదు. దానిని సరిచూచుట తెలియని నా చేతిలోనే దోషమున్నది. అప్పటినుండి ఆ విద్యను శ్రద్ధగా అభ్యసించితిని.

వెలుగుతో బొమ్మను చూపుట మన కృష్ణాతీరమువారికి క్రొత్తకాదు. తోలుబొమ్మలాటలో దీపము, దానిముందు రంగు తోలుబొమ్మ, ఆ ముందు తెల్లని పంచె. మచిలీపట్టణములో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు చలనచిత్రముల యంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శించి, 1914లో మద్రాసునందు గెయిటీ అను సినిమాశాలను నిర్మించిరి. ఆ సినిమా యంత్రములో దీపము, దానిముందు ఫిలుము, ఫిలుముముందు కటకము ఉండెడివి. డిజిటల్ ప్రొజెక్టరులోను దీపమును, కటకమును ఉన్నవి. ఫిలుమునకు బదులు అతిసూక్ష్మమైన గడుల పలక ఒకటి ఉండును. ఒక జాతి యంత్రములలో ఆ గడులన్నియు చిన్నచిన్న యద్దములే. అమెరికాలో లారీ హార్న్‌బెక్ అను శాస్త్రజ్ఞుడు 1987లో ఈ యద్దముల పలకను కనిపెట్టెను. వరుసకు 1024 చొప్పున 768 వరుసలున్న పలకలో 7,86,432 అద్దములు గోరంత స్థలములో ఇమిడియుండును. ప్రతి యద్దమును అటునిటు వ్రాలి, వెలుగును కటకమువైపు పంపుచు, మానుచు ఉండును. ఆ వెలుగు నీడల కూర్పే గోడమీది బొమ్మ.

దీనినిబట్టి మొదట గ్రహింపవలసిన దొకటి యున్నది. ఈ యంత్రము వెలుగును వేయగలదు గాని చీకటిని వేయజాలదు. బొమ్మలో నలుపు ఉండవలసినచోట అది వెలుగు పంపుట మానును, అంతే. అక్కడ మనకు కనబడునది గోడ. గదిలో దీపములు వెలుగుచున్నచో ఆ గోడ నల్లగా నుండదు గనుక నలుపు బూడిదరంగుగా మారును, తక్కిన రంగులన్నియు వెలవెలబోవును.

దీనికి లెక్క చెప్పెదను. యంత్రము వెలుగును ల్యూమెనులలో కొలుతురు. 3,000 ల్యూమెనుల యంత్రముతో 6 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు బొమ్మ వేసినచో వైశాల్యము 27 చదరపుటడుగులు. చదరపుటడుగునకు సుమారు 111 పాళ్ల వెలుగు పడును. గొప్పగా నుండవలెనని వెడల్పును 12 అడుగులకు పెంచినచో, వైశాల్యము రెట్టింపు కాదు, నాలుగింతలగును. అపుడు చదరపుటడుగునకు 28 పాళ్లే మిగులును. గదిలోని దీపముల వెలుగు అదే గోడమీద 15 పాళ్లు పడుచున్నదనుకొందము. నలుపు 15, తెలుపు 43. తెలుపు నలుపుకంటె మూడింతలైన లేదు. చిన్న బొమ్మలోనైతే నలుపు 15, తెలుపు 126, అనగా ఎనిమిదింతలకు పైన. ఆ దీపములు కూడ ఆర్పినచో భేదము ఇంకను ఎన్నోరెట్లు పెరుగును. కావున బొమ్మ బాగుండలేదని యంత్రములోని మీటలు త్రిప్పుటకు ముందు గదిలో దీపములు ఆర్పవలెను, కిటికీలు మూయవలెను, బొమ్మను అవసరమైనంతకే పెంచవలెను. దీనికి కాని ఖర్చు లేదు.

రెండవది గోడ. గోడకు ఏ రంగున్న బొమ్మకు ఆ రంగు అంటును. నీలిమందు సున్నము కంటికి తెల్లగా తోచును గాని బొమ్మలోని ఎరుపును, పసుపును కొంత మ్రింగును. నూనెరంగు వేసిన గోడ మెరయును గనుక నడుమ తళుకు పుట్టి యొక ప్రక్క కూర్చున్నవారికి ఏమియు కనబడదు. మెరుపులేని తెల్లని సమతలమే మంచిది. తెల్లని వస్త్రము కట్టవచ్చును గాని, పలుచని నూలుగుడ్డలోనుండి వెలుగు వెనుకకు జారిపోవును. గుడ్డను రెండు మడతలు వేయవలెను, లేదా దాని వెనుక తెల్లని దళసరి కాగితము ఆనించవలెను. ముడుతలు లేకుండ నాలుగుమూలలు బిగించి కట్టవలెను.

మూడవది యంత్రమును నిలుపు విధము. చాలమంది దానిని పొట్టిబల్లమీద పెట్టి, ముందుకాలు పెంచి, కటకమును పైకి ఎత్తుదురు. అట్లెత్తినపుడు వెలుగు గోడ పైభాగమునకు చేరుటకు ఎక్కువ దూరము పోవును గనుక బొమ్మ పైన వెడల్పుగను, క్రింద సన్నముగను పడును. మా గాలిగోపురము పైకి పోనుపోను సన్నగిల్లును. ఇట్లు ఎత్తిపెట్టిన యంత్రముతో దాని బొమ్మను చూపినచో నిలువు స్తంభమువలె కనబడవచ్చును. దీనిని దిద్దుటకు యంత్రములో కీస్టోన్ అను ఏర్పాటున్నది. అది పలకలోని కొన్ని గడులను మాన్పించి బొమ్మను లోనికి నొక్కి చతురస్రము చేయును. ఆకారము కుదురును గాని, గడులు తగ్గినందున అక్షరముల అంచులు మొద్దుబారును. అందువలన కీస్టోన్‌ను చివరి యుపాయముగా ఉంచుకొనవలెను. చాల యంత్రములు కటకపు మట్టమునుండి పైకే బొమ్మను వేయునట్లు చేయబడియున్నవి. కావున బొమ్మ అడుగుఅంచు ఎంత యెత్తున నుండవలెనో అంత యెత్తుబల్లమీద యంత్రమును సమముగా, గోడకు ఎదురుగా నిలిపినచో చాలవరకు ఆకారము దానంతటదే కుదురును.

నాలుగవది కొలత, స్పష్టత. పలకలో ఎన్ని గడులున్నవో కంప్యూటరునుండి కూడ అన్నియే పంపవలెను. లేనిచో యంత్రము లెక్కకట్టి సర్దును, సన్నని గీతలు అలుకుకొనిపోవును. వెడల్పుబొమ్మను ఇరుకుచట్రములో ఇరికించినచో మనుష్యులు సన్నబడుదురు, ఇరుకుబొమ్మను సాగదీసినచో లావగుదురు. దీనిని కనిపెట్టుటకు ఒక సులభోపాయము చెప్పెదను. గుండ్రని రూపాయిబిళ్ల బొమ్మను చూపి గోడమీద దారముతో నిలువును, అడ్డమును కొలువుడు. రెండును సమమైనచో సరి. ఫోకస్ మీట త్రిప్పునపుడు బొమ్మను కాక చిన్న అక్షరములను చూడవలెను. నడుమ ఒక మాట, నాలుగుమూలల నాలుగు మాటలు ఉంచి, అన్నియు తేటపడువరకు త్రిప్పవలెను. షార్ప్‌నెస్ అనునది నిజమైన స్పష్టత కాదు. దానిని మితిమీరి పెంచినచో అక్షరములచుట్టు తెల్లని గీతలు పుట్టును.

ఇక అయిదవది వెలుగు, రంగుల మీటలు. దీపము వెలిగించి పావుగంట గడచినపిమ్మటనే వీనిని తాకవలెను, ఏలయన దీపము స్థిమితపడుటకు కొంతకాలము పట్టును. బ్రైట్‌నెస్ అను పేరు చూచి అది దీపమును పెంచునని భ్రమపడుదురు. అది ముఖ్యముగా నలుపును ఎత్తుటకు, దించుటకు ఉపయోగపడును. కాంట్రాస్ట్ తెలుపును ఎత్తుటకు, దించుటకు. తెల్లని లాల్చి తొడిగిన నల్లజుట్టు మనిషి బొమ్మను చూపుడు. జుట్టులోని పాయలు కనబడుచు, నలుపు బూడిదబారనంతవరకు బ్రైట్‌నెస్‌ను ఉంచవలెను. లాల్చిమీది ముడుతలు తెలుపులో కరగిపోనంతవరకు కాంట్రాస్ట్‌ను ఉంచవలెను. ఒకటి మార్చినపుడు రెండవదానిని మరల చూచుకొనవలెను.

ఇవిగాక డైనమిక్, ప్రెజెంటేషన్, సినిమా మొదలగు పేర్లతో సిద్ధపు పద్ధతులుండును. నన్ను ముంచినది డైనమిక్. పాదరసపు దీపముగల యంత్రములలో ఆకుపచ్చ వెలుగు బలముగను, ఎరుపు బలహీనముగను ఉండును. అత్యధిక ప్రకాశమునకై ఆ యాకుపచ్చను విచ్చలవిడిగా వదలుదురు. మామిడిపండులోని ఎరుపు జాడ ఆ యాకుపచ్చలో మునిగి నిమ్మపండయ్యెను. నీలిగోడ దానికి తోడయ్యెను. రంగు ముఖ్యమైనపుడు వెలుగు తగ్గినను సినిమా పద్ధతిని, లేక ఎస్‌ఆర్‌జీబీ అను పద్ధతిని ఎన్నుకొని, రంగుల ఉష్ణోగ్రతను 6500 కెల్విన్ దగ్గర ఉంచవలెను.

యంత్రపు ఆరోగ్యమును కూడ చూడవలెను. గాలిజల్లెడలో దుమ్ము నిండినచో లోపల వేడి పెరిగి దీపమునకు చేటు. పాదరసపు దీపము వాడినకొలది మసకబారును. పెట్టెమీద వ్రాసిన గంటలు నిండునప్పటికి దాని వెలుగు సగమునకు తగ్గునని యెంచవలెను. ఆట ముగియగానే తీగను లాగక, పంకా తిరిగి చల్లబడువరకు ఆగవలెను. పిల్లలను కటకములోనికి చూడనీయరాదు.

ఇన్ని జాగ్రత్తలతో కొంతకాలమునకు అదే సావడిలో మరల బొమ్మ చూపితిని. దీపములు ఆర్పించి, నీలిగోడకు రెండు మడతల తెల్లగుడ్డ బిగించి, యంత్రమును ఎత్తుబల్లమీద నిలిపి, పద్ధతి మార్చితిని. వెనుకటి మామిడిపండు బొమ్మనే మొదట చూపితిని. అది ఈసారి మామిడిపండుగనే కనబడెను. నన్ను నమ్మి నష్టపడిన ఆ పెద్దనేతగాడు లేచి, అద్దిన నూలుచిలపను గుడ్డ దగ్గరకు తీసికొనిపోయి చూచి, “ఇది దగ్గరగా ఉంది గాని, ఇదే అనలేనండీ,” అనెను. ఆయన మాటయే శాస్త్రము. నూలు తనపై పడిన వెలుగునుబట్టి రంగు చూపును, గోడమీది బొమ్మ తానే వెలుగు. ఆ రెండును ఎంత దిద్దినను ఒకటి కావు. ఇప్పుడు మా వీధిలో బొమ్మను అంచు, అమరిక చూచుకొనుటకే వాడుచున్నారు. రంగునకు మాత్రము టపాలో నూలుపోగు తెప్పించుకొననిదే అద్దకమునకు ఇచ్చుట లేదు.

మీ ఊరిలో వరియాకు తెగులును బొమ్మలో చూపి మందు చెప్పినపుడు, పొలముల హద్దుల పటమును గోడమీద వేసి చేవ్రాలు అడిగినపుడు, మీరు వెనుకవరుసలో ఊరక కూర్చుండవద్దు. దీపములు ఆర్పుడనుడు. గోడ తెల్లనిదేనా, గుండ్రనిది గుండ్రముగా కనబడుచున్నదా అని అడుగుడు. ఆపైన తెగులు నిర్ణయమునకు ఆకును, హద్దు నిర్ణయమునకు కాగితపు పటమును చేతికి అడిగి తీసికొని చూడుడు. యంత్రము ఎరుగని పెద్దలు అడుగరాదను సంకోచము వలదు. మా వీధిలో ఆనాడు ఒక్కరైనను అట్లు అడిగియున్నచో నాలుగు ఇండ్లవారి పడుగులు నిలిచియుండెడివి.