ఐరోపా సమాఖ్య వాతావరణ పాలన: ప్రణాళిక, నివేదన, పర్యవేక్షణ

వ్యాససంగ్రహం

ఐరోపా సమాఖ్య 2050 నాటికి వాతావరణ తటస్థతను సాధించాలని 2021లో చట్టం చేసింది. ఆ లక్ష్యాన్ని 27 సభ్యదేశాల చేత అమలు చేయించడానికి ప్రధానంగా ప్రణాళికలు రాయించడం, నివేదికలు తెప్పించడం, వాటిని బహిరంగంగా సమీక్షించడం అనే మార్గాన్ని ఎంచుకుంది. ఈ మార్గం ఎక్కడ బలంగా పనిచేస్తున్నదో, ఎక్కడ కాగితానికే పరిమితమవుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బాధ్యతను చెప్పే వాక్యంలో కర్త ఎవరన్న ప్రశ్నను ఇందుకు కొలమానంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ఐరోపా సమాఖ్య, వాతావరణ చట్టం, జాతీయ శక్తి-వాతావరణ ప్రణాళిక, ఉద్గారాల వ్యాపారం, నికర ఉద్గారాలు, పర్యవేక్షణ.

1. ప్రవేశిక

తెలుగులో 'వాతావరణం' అనే మాట మూడు అర్థాలను మోస్తుంది. ఈ రోజు వాన పడుతుందా అన్నది ఒకటి, భూమి చుట్టూ ఉన్న వాయువుల పొర ఇంకొకటి, దశాబ్దాల సగటుగా తేలే శీతోష్ణస్థితి మూడవది. 'వాతావరణ మార్పు' అన్నప్పుడు పత్రికలు వాడుతున్నది మూడో అర్థంలోనే గనుక ఈ వ్యాసమూ ఆ వాడుకనే అనుసరిస్తుంది.

ఐరోపా సమాఖ్య వాతావరణ విధానం గురించి మన పత్రికల్లో కనిపించేవి ఎక్కువగా అంకెలు: 2030 నాటికి 55 శాతం, 2050 నాటికి తటస్థత. ఆ అంకెను ఒక సార్వభౌమ దేశం చేత పాటింపజేయడం ఎలా అన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. సమాఖ్యకు సొంత పోలీసు వ్యవస్థ లేదు. ఏ దేశం ఏ ఇంధనంతో విద్యుత్తు తయారు చేసుకోవాలన్నది ఆ దేశం ఇష్టమేనని లిస్బన్ ఒప్పందం తరువాతి మూల ఒడంబడికలోని 194వ అధికరణం గుర్తిస్తుంది. బొగ్గు మీద ఆధారపడిన పోలండుకూ, అణువిద్యుత్తు మీద ఆధారపడిన ఫ్రాన్సుకూ ఒకే ఇంధన విధానాన్ని విధించడం ఈ పరిమితిలో సాధ్యం కాదు.

2009లో సమాఖ్య దీనికి సూటి పరిష్కారాన్నే ఎంచుకుంది. పునరుత్పాదక ఇంధన ఆదేశంలో ప్రతి దేశానికీ విడివిడిగా ఒక అంకెను నిర్ణయించి, దానికి చట్టబద్ధత కల్పించింది. స్వీడన్‌కు 49 శాతం, మాల్టాకు 10 శాతం, ఫ్రాన్సుకు 23 శాతం. 2020 వచ్చేసరికి లక్ష్యాన్ని అందుకోలేకపోయిన దేశం ఫ్రాన్సు ఒక్కటే, అది 19.1 శాతం దగ్గర ఆగింది. అయితే ఆ గడువు రాకముందే, 2014 అక్టోబరులో, సభ్యదేశాల అధినేతలు ఈ పద్ధతిని వదిలిపెట్టారు. 2030కి పునరుత్పాదక ఇంధనం వాటా కనీసం 27 శాతం అన్నారు. ఆ అంకె సమాఖ్య మొత్తానికి మాత్రమే వర్తిస్తుందనీ, దాన్ని దేశాలవారీ విధిగా మార్చరాదనీ నిర్ణయించారు. ఆ అంకె తరువాత 32కూ, 2023లో 42.5కూ పెరిగింది. సమాఖ్యలోని ఒక్కొక్క దేశానికీ అది విధి కాకుండానే ఉండిపోయింది. ఆ ఖాళీని పూరించడానికి రూపొందినదే ఇప్పటి పాలనా వ్యవస్థ.

2. కర్త లేని వాక్యం

2021 జులై 29న అమలులోకి వచ్చిన ఐరోపా వాతావరణ చట్టంలోని రెండో అధికరణాన్ని భాషాదృష్టితో చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. సమాఖ్య వ్యాప్తంగా వెలువడే హరితగృహ వాయువులూ, అడవులు మొదలైన వాటి ద్వారా తొలగిపోయే వాయువులూ 2050 నాటికి సమాఖ్య లోపలే సమతుల్యం చేయబడాలని దాని సారం. ఇది కర్మణి ప్రయోగం. ఎవరు సమతుల్యం చేయాలి? ఆ వాక్యంలో కర్త లేదు. తరువాతి వాక్యంలో సమాఖ్య సంస్థలూ సభ్యదేశాలూ అవసరమైన చర్యలు తీసుకోవాలని ఉన్నా, లక్ష్యసాధన మాత్రం ఉమ్మడిదే. అంటే 2050లో ఒక దేశం తటస్థతను చేరకపోయినా, మరొక దేశపు అడవులు ఆ లోటును పూడిస్తే చట్టం నెరవేరినట్టే.

దీన్ని లోపంగా మాత్రమే చూడటం తొందరపాటు. పెద్ద అడవులున్న ఫిన్లాండునూ, జనసాంద్రత ఎక్కువైన నెదర్లాండ్సునూ ఒకే గీత మీద నిలబెట్టడం న్యాయం కాదు. ఉమ్మడి కుటుంబంలో అప్పు అందరిదీ అయినప్పుడు తీర్చేవారెవరో తేలనట్లే, ఉమ్మడి లక్ష్యంలోనూ జవాబుదారి ఎవరో తేలదన్నది మాత్రం నిజమైన చిక్కు.

ఇదే చట్టంలో 'నికర' అనే విశేషణానికి చాలా బరువు ఉంది. 1990తో పోలిస్తే 2030 నాటికి కనీసం 55 శాతం తగ్గాలన్నది నికర ఉద్గారాల లెక్క. వెలువడినదాని నుంచి నేలా అడవీ పీల్చుకున్నదాన్ని తీసివేయగా మిగిలినదన్న మాట. ఈ తీసివేతను అడ్డం పెట్టుకుని పొగను తగ్గించకుండా తప్పించుకునే వీలుంది గనుక, 55 శాతం లక్ష్యానికి అటువంటి తొలగింపులను 22.5 కోట్ల టన్నుల వరకే లెక్కించాలని చట్టమే హద్దు గీసింది. తెలుగులో ఈ సంగతి రాసేటప్పుడు 'నికర' అనే మాటను వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది. 'సున్నా ఉద్గారాలు' వేరు, 'నికర సున్నా' వేరు.

3. ప్రణాళిక అనే రచన

2018 డిసెంబరులో వచ్చిన పాలనా నిబంధన ప్రతి సభ్యదేశమూ పదేళ్ల జాతీయ శక్తి-వాతావరణ ప్రణాళికను రాసి సమర్పించాలని ఆదేశించింది. ఇందులో కర్త స్పష్టం: సభ్యదేశం. గడువూ స్పష్టం. రూపం కూడా ముందే నిర్ణయమైంది. కర్బనరహితీకరణ, ఇంధన పొదుపు, ఇంధన భద్రత, ఉమ్మడి విపణి, పరిశోధన అనే అయిదు కోణాల్లో ప్రస్తుత స్థితి, లక్ష్యం, చర్యలు, అంచనాలు రాయాలి. ముందు చిత్తుప్రతి పంపాలి. యూరోపియన్ కమిషన్ దాన్ని చదివి సిఫారసులు చేస్తుంది. ఆ సిఫారసులను సభ్యదేశం 'తగినవిధంగా పరిగణనలోకి' తీసుకోవాలి. తీసుకోకపోతే కారణం రాసి ప్రకటించాలి. రెండేళ్లకొకసారి ప్రగతి నివేదిక పంపాలి. వాటిలో మొదటి దానికి గడువు 2023 మార్చి 15.

పునరుత్పాదక ఇంధనం విషయంలో ఒక అడుగు ముందుకు వేశారు. ప్రతి దేశం వాటా ఎంత ఉండాలో దేశాలే ప్రకటించుకోవచ్చు. అయితే తలసరి ఆదాయం, స్థానిక వనరులు మొదలైనవాటితో కూడిన ఒక సూత్రాన్ని నిబంధన అనుబంధంలో ఇచ్చారు. దేశం ప్రకటించిన అంకె ఆ సూత్రం ఇచ్చే అంకె కంటే తక్కువైతే కమిషన్ ఆ సంగతిని బహిరంగంగా ఎత్తిచూపుతుంది. ఇక్కడ ఆయుధం సిగ్గు. సిగ్గు పనిచేయాలంటే సరైన సమయంలో చదివేవారు ఉండాలి, రాసినది చేతికి అందాలి.

అది ఎప్పుడూ అందడం లేదు. సవరించిన ప్రణాళికల తుదిప్రతులకు గడువు 2024 జూన్ 30. ఆ నాటికి సమర్పించిన దేశాలు బహుకొద్ది. 2025 మే నెలాఖరులో కమిషన్ తన అంచనాను వెలువరించే సమయానికి బెల్జియం, ఎస్తోనియా, పోలండ్ ఇంకా సమర్పించనే లేదు. పదేళ్ల ప్రణాళికలో సగం కాలం గడిచిపోయాక వచ్చే ప్రణాళిక జరిగినదాన్ని నమోదు చేస్తుందే తప్ప జరగవలసినదాన్ని నడిపించదు.

అయినా ఈ రాతకోతల వల్ల ప్రయోజనం లేదనడం సరికాదు. 2023 డిసెంబరులో చిత్తుప్రతులను కలిపి చూస్తే 2030 నాటికి తగ్గుదల 51 శాతమే అని తేలింది. తుదిప్రతుల తరువాత ఆ అంకె సుమారు 54 శాతానికి చేరింది. పునరుత్పాదక ఇంధనం వాటా 42.5కు గాను 41 శాతం దాకా వచ్చింది. ఇంధన పొదుపులో మాత్రం 11.7 శాతం కావలసి ఉండగా 8.1 దగ్గరే నిలిచింది. చిత్తుకూ తుదిప్రతికీ మధ్య వచ్చిన ఈ తేడాలో సిఫారసుల పాత్ర ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అయితే చిత్తుప్రతి చదివి ప్రశ్నించేవారు ఉన్నారన్న ఎరుక రచనను మెరుగుపరుస్తుందని పరిశోధక విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఇక ఈ అంకెలన్నీ కాగితం మీది అంచనాలేనని గుర్తుంచుకోవాలి. ప్రణాళికల్లో రాసినదంతా అమలైతే వచ్చే ఫలితం అది.

4. టన్ను లెక్క

రాతకు బదులు లెక్క నడిచే చోట వ్యవస్థ స్వభావమే మారిపోతుంది. 2005లో మొదలైన ఉద్గారాల వ్యాపార వ్యవస్థ కింద విద్యుత్ కేంద్రాలు, ఉక్కు, సిమెంటు వంటి పరిశ్రమలు తాము వదిలిన ప్రతి టన్నుకూ ఒక అనుమతిపత్రం అప్పగించాలి. సంస్థ తన ఉద్గారాలను కొలుస్తుంది. గుర్తింపు పొందిన స్వతంత్ర తనిఖీదారు ఆ లెక్కను ధ్రువీకరిస్తాడు. మార్చి 31లోగా నివేదిక, సెప్టెంబరు 30లోగా అనుమతిపత్రాలు సమర్పించాలి. తక్కువైన ప్రతి టన్నుకూ 100 యూరోల జరిమానా, దానికి తోడు ధరల పెరుగుదల కలుస్తుంది. జరిమానా కట్టినా అనుమతిపత్రం బాకీ తీరదు. బాకీదారు పేరు ప్రకటిస్తారు. కర్త, కర్మ, గడువు, ఫలితం అన్నీ ఉన్న వాక్యమిది.

మిగిలిన రంగాలైన రోడ్డు రవాణా, ఇళ్లు, వ్యవసాయం, వ్యర్థాలు ఇంకొక నిబంధన కిందికి వస్తాయి. సమాఖ్య దేశీయ ఉద్గారాల్లో ఇంచుమించు 60 శాతం వీటివే. ఇక్కడ పునరుత్పాదక ఇంధనం విషయంలో వదులుకున్న జాతీయ విధి నిలిచే ఉంది. 2005తో పోలిస్తే 2030 నాటికి బల్గేరియా 10 శాతం, జర్మనీ, స్వీడన్ వంటి సంపన్న దేశాలు 50 శాతం తగ్గించాలి. ప్రతి ఏడాదికీ కేటాయింపు ఉంది. దాన్ని దాటితే, దాటిన టన్నులను 1.08తో హెచ్చించి మరుసటి ఏడాది ఖాతాలో కలుపుతారు. మిగులు ఉన్న దేశం నుంచి కొనుక్కునే వెసులుబాటూ ఉంది. 2021 నుంచి 2025 వరకు అయిదేళ్ల లెక్కను తేల్చేది 2027లో. తరువాతి అయిదేళ్లది 2032లో. నాలుగైదేళ్లకొకసారి ప్రభుత్వాలు మారే దేశాల్లో తీర్పు అయిదేళ్లకొకసారి వస్తే, తప్పు చేసినవారూ జవాబు చెప్పవలసినవారూ ఒకరే కాకపోవచ్చు. ఈ బలహీనత గురించి జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

ఈ లెక్కలన్నింటికీ ఆధారం సభ్యదేశాలు ఏటా పంపే ఉద్గారాల జాబితాలు. వాటిని కోపెన్‌హాగన్‌లోని ఐరోపా పర్యావరణ సంస్థ సరిచూసి, క్రోడీకరించి, ఐక్యరాజ్యసమితికి చేరవేసే పనిలో తోడ్పడుతుంది. బాయిలరు పొగను కొలవడం తేలిక. పొలం నేల నుంచి, అడవి నుంచి ఎంత వెలువడిందో, ఎంత ఇమిడిందో చెప్పడం కష్టం. లెక్కింపు పద్ధతి మెరుగైనప్పుడల్లా పాత సంవత్సరాల అంకెలు కూడా మారుతుంటాయి. నికర లక్ష్యాలకు ఈ అనిశ్చితి పునాదిలోనే ఉంది.

5. చదివేవారు ఎవరు?

వాతావరణ చట్టం 15 మంది శాస్త్రవేత్తలతో ఒక స్వతంత్ర సలహామండలిని ఏర్పాటు చేసింది. ఒకే దేశానికి చెందినవారు ఇద్దరికి మించి ఉండరాదు. ఈ మండలికి ఆజ్ఞాపించే అధికారం లేదు. అది చదివి, లెక్కగట్టి, చెబుతుంది. న్యాయస్థానాల సంగతి వేరు. అవి చదివితే పర్యవసానం ఉంటుంది.

ఐర్లండ్ ఉదాహరణ ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ దేశపు 2015 చట్టం ప్రకారం ప్రభుత్వం 2017లో జాతీయ ఉద్గార నియంత్రణ ప్రణాళికను ప్రకటించింది. దాన్ని ఒక పర్యావరణ సంస్థ సవాలు చేయగా, 2020 జులై 31న ఐర్లండ్ సుప్రీంకోర్టు ఆ ప్రణాళికను కొట్టివేసింది. లక్ష్యం చాలదని కోర్టు అనలేదు. 2050 వరకు ఏమి చేయబోతున్నారో ఆసక్తి గల సామాన్యుడు చదివి తెలుసుకుని, అది సరైనదో కాదో నిర్ణయించుకోగలిగేంత నిర్దిష్టత ఆ రచనలో లేదన్నది. ప్రణాళిక అస్పష్టంగా రాయడమే చట్టవిరుద్ధమన్న మాట. 2021లో ఐర్లండ్ తన చట్టాన్ని సవరించి, అయిదేళ్ల కర్బన బడ్జెట్ల పద్ధతిని తెచ్చింది.

జర్మనీ అనుభవం మరో పాఠం. ఆ దేశపు 2019 చట్టం 2030 వరకే ఏడాదివారీ పరిమితులను చెప్పి ఆ తరువాతి కాలాన్ని ఖాళీగా వదిలింది. అలా భారాన్ని భవిష్యత్తు మీదికి నెట్టడం రేపటి పౌరుల స్వేచ్ఛకు భంగమని రాజ్యాంగ న్యాయస్థానం 2021 మార్చి 24న తీర్పునిచ్చింది. కొన్ని నెలల్లోనే చట్టం మారింది. తటస్థత గడువు 2045కు ముందుకు జరిగింది. ఆ చట్టంలో మరొక చక్కని ఏర్పాటు ఉండేది. రవాణా రంగం పరిమితిని దాటితే రవాణా మంత్రిత్వశాఖే మూడు నెలల్లో దిద్దుబాటు కార్యక్రమం ఇవ్వాలి. 2024 సవరణతో అది సడలింది. ఇప్పుడు అన్ని రంగాలనూ కలిపి, రెండేళ్లు వరుసగా అంచనాలు హద్దు దాటుతాయని తేలితేనే ప్రభుత్వం కదలాలి. ఒక మంత్రిత్వశాఖ అనే కర్త స్థానంలో 'ప్రభుత్వం' అనే సమష్టి కర్త వచ్చి చేరింది. సమాఖ్య స్థాయిలో 2014లో జరిగినదే ఒక దేశం లోపల మరోసారి జరిగింది.

6. సమాఖ్య హద్దులు దాటి

ఈ నివేదన వ్యవస్థ ఇప్పుడు భారతదేశపు ఎగుమతిదారులనూ తాకుతోంది. సరిహద్దు కర్బన సర్దుబాటు విధానం కింద ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి సరుకుల తయారీలో వెలువడిన ఉద్గారాల వివరాలను దిగుమతిదారులు 2023 అక్టోబరు నుంచి సమర్పించవలసి వచ్చింది. 2026 జనవరి 1తో ఆర్థిక బాధ్యత ఉన్న దశ మొదలైంది. వివరాలు రావలసింది సరుకు తయారైన కర్మాగారం నుంచే. ఐరోపా చట్టం రాసిన నివేదికా రూపాన్ని ఇక్కడి కర్మాగారపు లెక్కల విభాగం నింపవలసిన పరిస్థితి ఏర్పడింది. అందువల్ల ఆ రూపాన్ని అర్థం చేసుకోవడం మన అర్థశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విభాగాలకూ అవసరమైన పని.

2040 లక్ష్యం మీద నడిచిన చర్చలో ఇదే ప్రశ్న వ్యతిరేక దిశలో ఎదురైంది. 90 నుంచి 95 శాతం తగ్గించాలని సలహామండలి 2023లో చెప్పింది. దాన్ని సమాఖ్య లోపలే సాధించాలని 2025లో స్పష్టం చేసింది. కమిషన్ 2025 జులైలో 90 శాతం ప్రతిపాదిస్తూ, అందులో కొంతభాగాన్ని ఇతర దేశాల నుంచి కొన్న తగ్గింపులతో పూరించవచ్చన్నది. నవంబరులో సభ్యదేశాల మంత్రిమండలి ఆ భాగాన్ని 2036 నుంచి 5 శాతం దాకా అనుమతించాలన్నది. 1990 నాటి మొత్తంలో 5 శాతమంటే చిన్న పరిమాణం కాదు. ప్యారిస్ ఒప్పందం ఆరవ అధికరణం నియమాల ప్రకారం, అలా అమ్మిన ప్రతి టన్నునూ అమ్మిన దేశం తన సొంత ఖాతాలో తిరిగి కలుపుకోవాలి. తగ్గింపు జరిగిన నేల ఒక దేశానిదైతే, దాన్ని లెక్కలో చూపించుకునే హక్కు ఇంకొకరిది అవుతుంది.