ఆకాశం రాయా, గని రాయా?

కెంచనగుడ్డ దగ్గర తుంగభద్ర గట్టున బరువైన నల్లరాయి దొరికిందనుకోండి. ఉల్కేనా? తొందరపడకండి. మన బళ్లారి ఇనుపరాయీ బరువే. టైలు వెనక గరుకు వైపు గీయండి. ఎర్ర గీత పడితే గని రాయే.

అయస్కాంతాన్నీ పూర్తిగా నమ్మలేం. 1852లో నెల్లూరు దగ్గర యాటూరులో పడిన రాతి ఉల్కది ఇనుప రేణువులుండే రకం. 1997లో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పడింది యూక్రైటు. ఆ జాతిలో ఇనుప లోహం దాదాపు ఉండదు, అయస్కాంతం పట్టదు. పైన మెరిసే నల్ల పొర, లోపల బూడిద రంగు. వెస్టా అనే చిన్న గ్రహం నుంచి వచ్చిన జాతి అంటారు శాస్త్రవేత్తలు. లోపలి ఖనిజాలు పరీక్షిస్తేనే జాతి తేలుతుంది.

అందుకే "లక్షలొస్తాయి, ముందు అడ్వాన్సు కట్టు" అనేవాళ్లకు కూలిడబ్బులు పోయకండి. దొరికిన చోటు, తేదీ రాసిపెట్టి జి.ఎస్.ఐ. వాళ్లకే చూపించండి.