మిగిలిందంతా గుడ్‌విల్లే

అమ్మడూ, ఫ్లిప్‌కార్ట్‌ని వాల్‌మార్ట్ కొన్న సంగతి నీకు తెలుసుగా! 2018 ఆగస్టులో బేరం పూర్తయింది. సుమారు 77 శాతం వాటాకి దగ్గర దగ్గర 1,600 కోట్ల డాలర్లు పోశారు. ఇంత డబ్బుకి ఏమొచ్చిందా అని వాళ్ల లెక్కలు తిరగేస్తే, అన్నిటికన్నా పెద్ద పద్దు గోడౌన్లదీ కాదు, సరుకుదీ కాదు. గుడ్‌విల్! 1,350 కోట్ల డాలర్లు. విడిగా అమ్ముదామంటే కొనే నాథుడుండడు.

మన బజార్లో కిరాణా కొట్టు చేతులు మారేటప్పుడు ఏం చేస్తారు? బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, కాటా, ఫ్రిజ్జు అన్నిటికీ ధర కడతారు. హోల్‌సేలు బాకీలు తీసేస్తారు. ఎనిమిది లక్షలు తేలిందనుకో. పాత ఓనరు పన్నెండు అడుగుతాడు. "సెంటర్లో కొట్టు, పాతికేళ్ల ఖాతాలు, ఊరికే వస్తాయా?" అంటాడు. ఆ పై నాలుగు లక్షలే గుడ్‌విల్. దాన్నెవరూ కొలవలేదు చూడు, మిగతావన్నీ కొలిచాక తేలిన శేషమది.

వాల్‌మార్ట్‌దీ ఇదే తీసివేత, కాకపోతే ఓ మెలిక ఉంది. కొన్నది 77 శాతమే అయినా పుస్తకంలో కంపెనీ మొత్తాన్ని ఎక్కించాలి. అందుకని తమది కాని వాటాకీ 430 కోట్లు విలువ కట్టి కలిపారు. అంతా 2,040 కోట్ల దాకా అయింది. ఇటు గుడ్‌విల్ కాకుండా ఆస్తులు 1,060, అప్పులు 370, నికరం 690. తీసెయ్, ఎంతొచ్చింది?

ఆ 1,060లో 470 కోట్లు ఒక్క బ్రాండు పేర్లవే. సొంతంగా పెంచుకున్న పేరుకి సొంత పుస్తకంలో చోటుండదు. పరాయివాడు కొన్నాకే దానికి అంకె. ఇక్కడో తమాషా. పన్ను లెక్కల్లో లేని విలువ ఇక్కడ ఎక్కితే, ఆ తేడా మీద ముందుముందు పడే పన్నుని ఇప్పుడే అప్పుగా రాసుకోవాలి. ఈ బేరంలో అలాంటి పన్ను పద్దు 170 కోట్లు. అప్పు పెరిగితే నికరం తగ్గుతుంది, నికరం తగ్గితే గుడ్‌విల్ ఉబ్బుతుంది! అంటే ఆ ఉబ్బులో సరుకు కొనేవాళ్ల ప్రేమ పాలు కొంతే, లెక్కల పద్ధతి పాలు కొంత.

అమెరికాలో ఒకప్పుడు గుడ్‌విల్‌ని 40 ఏళ్ల లోపు కొంచెం కొంచెంగా ఖర్చు రాసేవారు. 2001లో ఆ రూలు మార్చి, ఏటా పరీక్షించి విలువ పడిపోతేనే తగ్గించమన్నారు. ఇప్పుడు మేసీస్ అని పిలుస్తున్న కంపెనీ 2005లో మే డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌ని సుమారు 1,100 కోట్ల డాలర్లకి కొంది. 2008 మాంద్యంలో జనం కొనడం తగ్గించేసరికి, ఆ ఏడాది లెక్కల్లో సుమారు 540 కోట్ల గుడ్‌విల్ ఎగిరిపోయింది. గల్లాపెట్టెలోంచి ఒక్క డాలరు కదల్లేదు. ఆ డబ్బు ఎప్పుడో ఇచ్చేసిందే. తరవాత అమ్మకాలు పుంజుకున్నా సరే, తీసేసింది మళ్లీ రాయడానికి వీల్లేదు.

మన దగ్గర పెద్ద కంపెనీలదీ ఇంచుమించు ఇదే దారి. పాత పద్ధతిలో ఉన్న చిన్నవాళ్లు మాత్రం విలీనంలో వచ్చిన గుడ్‌విల్‌ని మామూలుగా అయిదేళ్లలో ఖర్చు రాసేస్తారు. నన్నడిగితే అదే నయం. ఏడాదేడాదికీ కొంచెం చేదు మింగడం, ఒకేసారి గిన్నెడు తాగడం కన్నా సులువు కదూ.