పట్టికలో లేని ప్యాకెట్

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు చిరునామాలిచ్చే ఐపీవీ4 పద్ధతి 1981లో ఖరారైంది. ఒక్కో చిరునామాకు 32 బిట్లు, అంటే మొత్తం 429 కోట్ల పైచిలుకు. యూనివర్సిటీలు, పరిశోధనశాలలే ఎక్కువగా ఉన్న ఆ నెట్‌కు అది తరగని ఆస్తి. పదేళ్ళు తిరిగేసరికి తరిగిపోతుందని తేలింది. పెద్ద చిరునామాల కొత్త పద్ధతి తయారయ్యేదాకా కాలం గడవాలి కదా! అందుకని 1994 మేలో కెల్ద్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ ఆర్ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో ‘నాట్’ను ప్రతిపాదించారు. లోపలి చిరునామాలను ఏ ఆఫీసుకా ఆఫీసు మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది, బయటి ప్రపంచానికి కొద్ది చిరునామాలే కనిపిస్తాయి. ఇది తాత్కాలిక ఏర్పాటని వాళ్ళే రాశారు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ తాత్కాలికం మన రూటర్లలో కాపురముంటూనే ఉంది.

అదే పత్రంలో భద్రత గురించీ ఒక మాట ఉంది. నాట్ వల్ల భద్రతకున్న మార్గాలు తగ్గుతాయని! చిరునామాలను దారిలో మార్చాలి కాబట్టి వాటిని ఎన్‌క్రిప్ట్ చేయడం కుదరదన్నది వాళ్ళ బాధ. ఇవాళ చిన్న ఆఫీసుల్లో ‘రూటర్ ఉందిగా, ఇంకేం భయం’ అనే ధీమా వింటే ఆ మాట గుర్తొస్తుంది.

దాదాపు అదే సమయంలో అమెరికాలో జాన్ మేయెస్, బ్రాంట్లీ కోయిల్ నాట్‌ను ‘పిక్స్’ అనే పెట్టెగా అమ్మకానికి తెచ్చారు. ఆఫీసు టెలిఫోన్ ఎక్స్చేంజి వాళ్ళకు నమూనా: బయటికి ఒకే నంబరు, లోపల ఎక్స్‌టెన్షన్లు. 1995లో సిస్కో వాళ్ళ కంపెనీని కొనేసింది.

ఇప్పటి రూటర్ చేసే పని ఇది. లోపలి 192.168.1.23 అనే కంప్యూటర్ ఒక వెబ్‌సైటును అడిగితే, రూటర్ ఆ ప్యాకెట్ మీది చిరునామా చెరిపి తన బయటి చిరునామా వేస్తుంది. ఎవరి తరఫున, ఏ పోర్టు నుంచి పంపిందీ పట్టికలో రాసుకుంటుంది. జవాబు వస్తే పట్టిక చూసి అప్పగిస్తుంది. అడగకుండా వచ్చిన ప్యాకెట్‌కు పట్టికలో వరుస లేదు. ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. మనం రక్షణ అనుకుంటున్నది చాలావరకు ఈ తెలియకపోవడమే. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే ఆ పట్టికలో మనం చేత్తో రాసే శాశ్వత వరుస: ఫలానా పోర్టుకు ఎవరొచ్చినా ఫలానా మెషీన్‌కు పంపు.

ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. అయిదారు కంప్యూటర్లు, ట్యాలీ ఉన్న ఒక మెషీన్, కెమెరాల డీవీఆర్. సార్ ఇంటి నుంచి చూడాలంటారు. టెక్నీషియన్ వచ్చి, “పోర్ట్ ఓపెన్ చేశాను సార్, అయినా రావట్లేదు” అంటాడు. అక్కడ మొదట అడగాల్సింది: ప్యాకెట్ అసలు మన గుమ్మం దాకా వస్తోందా? రూటర్ స్టేటస్ పేజీలో కనిపించే వాన్ ఐపీ, బయటి వెబ్‌సైటు చూపే మన ఐపీ ఒకటేనా? వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, ప్రొవైడరే తన దగ్గర ఇంకో పెద్ద నాట్ నడుపుతున్నాడు. మన ప్రాంతానికి చిరునామాలు పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్‌లోనే చివరి నిల్వకు చేరింది. అందుకే వందల ఇళ్ళకు కలిపి ఒక చిరునామా. ప్రొవైడర్ పట్టికలో వరుస రాసే అధికారం మనకు లేదు, మన రూటర్లో ఎన్ని రాసినా వృథా. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి. వాన్ ఐపీ కూడా 192.168తో మొదలైతే ఫైబర్ పెట్టె ఒకటి, మన రూటర్ ఒకటి, రెండూ నాట్ చేస్తున్నాయన్నమాట. ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి.

ఇవి దాటాక మిగిలేవి చిల్లర కారణాలు. కరెంటు పోయి వస్తే డీవీఆర్‌కు లోపలి ఐపీ మారిపోతుంది, రూల్ మాత్రం పాత ఐపీకే పంపుతుంది. ఆ ఐపీని రిజర్వ్ చేస్తే సరి. విండోస్ ఫైర్‌వాల్ ఆపేస్తూ ఉండొచ్చు. ఆఫీసు వైఫై మీదే ఉండి బయటి చిరునామాను పరీక్షిస్తే చాలా రూటర్లు పలకవు, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడాలి.

ఓపిక లేనివాళ్ళు ఫైర్‌వాల్ తీసేసి, డీఎంజెడ్‌లో మెషీన్ ఐపీ కొట్టేస్తారు. బయటినుంచి వచ్చేవన్నీ దాని మీదికే. పని అయిపోతుంది. కొన్నాళ్ళకు ఆఫీసు పనీ అయిపోతుంది.

‘మన చిన్న ఆఫీసు ఎవరికి కావాలి’ అనకండి. 2013లో మిచిగన్ యూనివర్సిటీవాళ్ళు రాసిన జెడ్‌మ్యాప్, ఒక్క కంప్యూటర్‌తో 45 నిమిషాల్లోపే ఐపీవీ4 చిరునామాలన్నిట్లో ఒక పోర్టును తట్టి చూసింది. మనల్ని ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు, అందరినీ తట్టడమే తేలిక. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ కంపెనీలు పెట్టిన ఓ అరవై పాస్‌వర్డుల జాబితాలోంచి తీసి కొట్టి చూస్తూ లక్షల కెమెరాలనూ డీవీఆర్‌లనూ లొంగదీసుకుంది. అక్టోబరు 21న వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి అందలేదు. ఆ యజమానుల్లో ఎక్కువమందికి తమ డబ్బా దాడికి వెళ్ళిందని తెలిసి ఉండదు.

కనుక ట్యాలీ మెషీన్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా తెరవడం నా దృష్టిలో తప్పు. నంబరు మార్చి తెరిచినా స్కానర్‌కు దొరుకుతుంది. వీపీఎన్ పెట్టుకోవడం మేలు. 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్‌కు ఒక్క యూడీపీ పోర్టు చాలు. తాళంచెవి లేనివాడు తడితే అది జవాబే ఇవ్వదు. యూపీఎన్‌పీ ఆపేయాలి, లేకపోతే లోపలి పరికరాలు మనల్ని అడగకుండానే పట్టికలో వరుసలు రాసుకుంటాయి. డీవీఆర్‌ను లెక్కల మెషీన్లున్న నెట్‌వర్క్‌లో ఉంచకూడదు.

ఇక ఆ కొత్త పద్ధతి, ఐపీవీ6, ఇప్పుడు మన దేశంలో సగానికి పైగా వినియోగదార్ల దగ్గరుంది. అందులో ప్రతి మెషీన్‌కూ సొంత చిరునామా ఉంటుంది, అప్పగింతల పట్టికతో పనిలేదు. వచ్చిన ప్యాకెట్ ఎవరిదో రూటర్‌కు కచ్చితంగా తెలుసు, ఆపాలంటే ఫైర్‌వాలే ఆపాలి. పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ ఖాళీగా ఉందని ఊరుకోకుండా, ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా తెరిచి చూడాల్సిందే.