జిరాక్స్ తీస్తే పంజగుట్ట దగ్గరవుతుందా?

పిల్లలూ, మ్యాపు చేతికి రాగానే మన ఇల్లెక్కడుందా అని వెతుకుతారు మీరు. వెతకండి, కానీ ఈసారి నా మాట విని ముందు దాని అంచు చూడండి. అక్కడ 1:50,000 లాంటి స్కేలు రాసి ఉంటుంది. దగ్గర్లోనే నలుపూ తెలుపూ గళ్ళతో ఓ సన్నని గీత, దాని మీద కిలోమీటర్ల అంకెలు.

1:50,000 అంటే కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు, అంటే అర కిలోమీటరు. సర్వే ఆఫ్ ఇండియా గీసే వివరమైన మ్యాపులు, అంటే టోపోషీట్లు, చాలావరకు ఈ స్కేలువే. మెట్రిక్ కొలతలు రాకముందు అంగుళానికి మైలు లెక్కన గీసేవారు. మైలుకు 63,360 అంగుళాలు కాబట్టి అది 1:63,360.

ఇప్పుడు మన శ్రీనగర్ కాలనీ నుంచి పంజగుట్ట చౌరస్తా దాకా కొలుద్దాం. స్కేలుబద్ద పెడితే వచ్చేది సూటి దూరం. మనం మేడల మీదుగా ఎగిరి వెళ్ళం కదా! కుట్టుదారం ఒకటి తీసుకుని, రోడ్డు ఎటు వంగితే అటు మెల్లగా పరచండి. మలుపు దగ్గర గోటితో నొక్కి పట్టుకోండి. తర్వాత దారాన్ని సాగదీయకుండా ఆ గళ్ళ గీత మీద పెట్టి చదవండి. 3 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ఒకటిన్నర కిలోమీటరు.

‘మరి బంజారాహిల్స్ ఎత్తుపల్లాల సంగతేంటి తాతయ్యా?’ అంటారేమో. మంచి ప్రశ్నే. మ్యాపులో ఉండేది చదును దూరం. అయినా 20 మీటర్లకు ఒక మీటరు లేచే రోడ్డు మీద కూడా కిలోమీటరుకు పెరిగేది మీటరుంబావే. దూరాన్ని నిజంగా పెంచేవి మలుపులు.

అసలు చిక్కు అమీర్‌పేటలో వస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపులకు కొదవేముంది? ఎ3 కాగితం మీది మ్యాపును ఎ4కి తగ్గించి ఇమ్మంటే చిటికెలో ఇస్తారు. బొమ్మ 71 శాతానికి కుదించుకుపోతుంది. మీ 3 సెంటీమీటర్ల దారం 2.1 అవుతుంది. కానీ అంచున రాసిన 1:50,000 మాత్రం అలాగే ఉంటుంది! దాన్ని నమ్మి లెక్కేస్తే కిలోమీటరు పైన కాస్త వస్తుంది. 400 మీటర్లకు పైగా మాయం. వైశాల్యం లెక్కేస్తే సగానికి సగం పోతుంది. ఆ గళ్ళ గీత అలా మోసం చెయ్యదు. మ్యాపుతో పాటే తానూ కుదించుకుపోతుంది కాబట్టి, ఎన్ని జిరాక్సులు తీసినా నిజమే చెబుతుంది. ఫోన్‌లో మ్యాపును వేళ్ళతో సాగదీసినప్పుడు మూలనున్న కొలత గీత మారేదీ ఇందుకే.

ఇంకో సంగతి. స్కేలును బట్టి మ్యాపులో కనిపించేవీ మారతాయి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాతి ఏళ్ళలో లియొనార్డ్ మన్ అనే ఆయన ఆధ్వర్యంలో హైదరాబాదును సందుసందునా సర్వే చేసి వందల షీట్ల మీద గీశారు. అంగుళానికి 50 అడుగులు, అంటే 1:600! పది అడుగుల బావి ఆ షీటు మీద 5 మిల్లీమీటర్లుంటుంది, వేలు పెట్టి చూపించొచ్చు. అదే బావిని టోపోషీటు మీద కొలత ప్రకారం గీస్తే మిల్లీమీటరులో పదహారో వంతు. కంటికి ఆనదు. అందుకే టోపోషీటులో బావికి ఓ గుర్తు పెడతారు. రోడ్లనూ కనిపించేంత లావుగా గీస్తారు. ఒక మిల్లీమీటరు మందాన గీసిన రోడ్డుకు స్కేలు కడితే 50 మీటర్ల వెడల్పని వస్తుంది. కాబట్టి టోపోషీటు మీద రోడ్డు పొడవు కొలవండి, వెడల్పు జోలికి పోకండి.

ఈ ఆదివారం ఓ మ్యాపూ దారమూ పట్టుకుని కూర్చోండి. జిరాక్స్ తీయించేటప్పుడు మాత్రం, అంచునున్న గళ్ళ గీత కాపీలో పడిందో లేదో చూసుకుని మరీ డబ్బులివ్వండి.