మొండికేసిన ఇత్తడి జెట్

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ముంబయిలో చివరి ప్రీమియర్ పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. అయినా తాతగారి కారు అమ్మబుద్ధి కాక షెడ్డులో దాచుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఇంకా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి కదలని అలాంటి కారును మళ్లీ రోడ్డెక్కించాలంటే కార్బురేటర్ విప్పక తప్పదు. విప్పిన చాలాసార్లు ఎదురయ్యే చిక్కు ఒకటే: లోపలి జెట్ పట్టేసి ఉంటుంది, ఎంత తిప్పినా కదలదు.

కార్బురేటర్ పని గాలిలో పెట్రోలును తగిన పాళ్లలో కలపడం. ఆ కొలత చూసేది జెట్. ఇది నడుమ సన్నని రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి మర. సోలెక్స్ కార్బురేటర్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం వ్యాసం 1.20 మిల్లీమీటర్లని అర్థం. పైలట్ జెట్ పూడుకుంటే ఇంజిను ఐడిల్‌లో నిలవదు. మెయిన్ జెట్ పూడుకుంటే యాక్సిలరేటర్ తొక్కినా పికప్ రాదు. జెట్లను బయటికి తీసి శుభ్రం చేయందే ఈ జబ్బు పూర్తిగా కుదరదు.

పట్టేయడానికి కారణాలు రెండు. నిలవున్న పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోయి, మిగిలింది గాలి తగిలి జిగురుగా మారి మర చుట్లలో గట్టిపడుతుంది. రెండోది తేమ. కార్బురేటర్ బాడీని ఎక్కువగా జింకు మిశ్రమంతో గానీ అల్యూమినియంతో గానీ పోత పోస్తారు. దాన్ని ఆనుకుని ఇత్తడి, మధ్యలో నీరు ఉంటే బాడీ లోహం క్రమంగా క్షయించి తెల్లటి పొడి కడుతుంది. ఆ పొడే జెట్‌ను పట్టి ఉంచుతుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది కాబట్టి, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుతో పాత కారును నెలల తరబడి నిలిపి ఉంచితే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

పని మొదలుపెట్టే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. జెట్ పోతే కొత్తది కొనవచ్చు. బాడీ మరలు చెడితే పాత కారు కార్బురేటర్‌కు మరో బాడీ దొరకడం కష్టం. కాబట్టి నష్టం తప్పదనుకుంటే జెట్‌నే వదులుకోవాలి.

తొందరపాటు తెచ్చే చేటు ముందుగా కనిపించేది స్క్రూడ్రైవర్ దగ్గరే. ఇత్తడి మెత్తనిది. మామూలు స్క్రూడ్రైవర్ మొన కిందికి సన్నబడుతూ పోతుంది కనుక జెట్ తల మీది గాడి అంచుల మీదే బలం పడి, గాడి చెదిరిపోతుంది. అంచులు సమాంతరంగా ఉండి, గాడి పొడవు, వెడల్పు నిండుగా పట్టే మొన కావాలి. లేకపోతే అలాంటి మొనను ఆకురాయితో అరగదీసి తయారుచేసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్తతోనే సగం జెట్లు దక్కుతాయి.

తర్వాత మర మొదట్లో డబ్ల్యూడీ-40 లాంటి నూనె వేసి, ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి స్క్రూడ్రైవర్‌ను గాడిలో నిటారుగా నిలబెట్టి, చిన్న సుత్తితో మెల్లగా నాలుగైదు దెబ్బలు వేస్తే ఆ అదురుకు పొడి బీటలు వారి నూనె లోపలికి దిగుతుంది. ముందు రవ్వంత బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పాలి. కాస్త కదిలితే ఒక్కసారిగా లాగేయకుండా, వెనక్కీ ముందుకూ ఆడిస్తూ రావాలి.

అప్పటికీ లొంగకపోతే వేడి. మరచెంబు మూత బిగుసుకుంటే వేడినీళ్లు పోసే పెద్దవాళ్ల చిట్కాలో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: వేడికి లోహం వ్యాకోచిస్తుంది. జింకు మిశ్రమం ఇత్తడి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 8 మిల్లీమీటర్ల మర దగ్గర 80 డిగ్రీల వేడి పెంచితే రెండింటి మధ్య తేడా దాదాపు 0.005 మిల్లీమీటర్లు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు, కానీ పట్టు సడలడానికి అది చాలు. ఫ్లోట్, గాస్కెట్లు తీసేసి, పెట్రోలు పూర్తిగా ఆరిన బాడీని మరిగే నీళ్లలో ఉంచి, వేడి మీదే ప్రయత్నించాలి. చల్లారనిచ్చి మళ్లీ వేడిచేస్తే ఆ వ్యాకోచ సంకోచాలకే పొడి ఇంకొంత విరుగుతుంది.

గ్యాస్ మంట మాత్రం వద్దు. జింకు మిశ్రమం 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది. బాడీ సందుల్లో మిగిలిన పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదం దానికంటే పెద్దది.

గాడి పూర్తిగా పోయిందా? జెట్ నడిమి రంధ్రంలో కోసుగా ఉన్న నలుపలకల మొనను తేలిగ్గా దిగగొట్టి తిప్పవచ్చు. జెట్ పాడవుతుంది, బాడీ మిగులుతుంది. ఎడమ మర డ్రిల్ బిట్ కూడా మంచి సాధనమే, తొలుస్తూనే విప్పే వైపు లాగుతుంది. స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్‌ను మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి. గట్టి ఉక్కుతో చేసిన ఆ సాధనం లోపల విరిగితే మామూలు డ్రిల్ దాన్ని తొలవలేదు.

జెట్ బాగానే బయటికొస్తే రంధ్రంలో సూదో, తీగో పెట్టి పొడవకూడదు. మెత్తని ఇత్తడి అరిగి కొలత మారుతుంది, ఇంజిను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడమే సరైన పద్ధతి. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పి, ఆనిన తర్వాత కొద్దిగా బిగిస్తే సరిపోతుంది. కారును మళ్లీ నెలల తరబడి నిలిపి ఉంచాల్సి వస్తే ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు తీసేసి మరీ షెడ్డులో పెట్టాలి.