అందరం కలిసి క్రూజ్‌కి వెళ్దాం సరే, ఏ రేవులో ఎక్కుదాం?

నేను డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాను. వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. మా స్నేహితుల్లో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా ఎక్సెల్ షీటు తయారుచేసే పని నా మీదే పడుతుంది. ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇది: "ఏడెనిమిది కుటుంబాలం కలిసి క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడ చవగ్గా దొరుకుతుంది?" దానికి సమాధానం చెప్పేముందు నేను వాళ్ళని రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్ళీ గుమ్మంలో అడుగుపెట్టేదాకా ఎంతవుతుంది? మీ గుంపులో అందరికంటే బలహీనమైన కాగితాలు ఎవరివి? ఈ రెండూ తేలితే ఏ రేవులో ఎక్కాలో దానంతటదే తేలుతుంది. ఇవాళ్టి మాటలన్నీ వీటి చుట్టూనే.

ముందు డబ్బు సంగతి. ప్రకటనలో కనిపించే ధర ఒక మనిషికి, అదీ ఒక క్యాబిన్లో ఇద్దరున్నారనే లెక్క మీద. మూడో మనిషికి, నాలుగో మనిషికి సాధారణంగా తగ్గుతుంది. దాని మీద రేవు పన్నులు, ఫీజులు ఉంటాయి. పనివాళ్ళకిచ్చే టిప్పు మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు. పిల్లలకి కూడా చాలా కంపెనీలు అంతే వేస్తాయి. నలుగురున్న ఇంటికి ఏడు రాత్రులకి ఈ టిప్పే 450 నుంచి 560 డాలర్ల దాకా అవుతుంది.

ఇప్పుడు రేవు. ఒక ఉదాహరణ అనుకుందాం. డాలస్‌లో నలుగురున్న కుటుంబం. మయామీ నుంచి బయలుదేరే ఓడలో మనిషికి 500 డాలర్లు, గాల్వెస్టన్ నుంచి 570. చూడగానే మయామీయే చవక, 280 డాలర్లు మిగులుతాయి. కానీ మయామీకి నలుగురికీ విమానం టిక్కెట్లు ఒక 880, ముందు రోజు రాత్రి హోటలు 180, ఎయిర్‌పోర్టుకీ రేవుకీ టాక్సీలు 120 వేసుకోండి. మొత్తం 3,180. గాల్వెస్టన్‌కైతే కారులో రానూపోనూ 600 మైళ్ళ లోపే. గ్యాస్‌కి 80, వారం రోజుల పార్కింగ్‌కి 150 అనుకున్నా మొత్తం 2,510. కుటుంబానికి 670 డాలర్లు తేడా. ఎనిమిది కుటుంబాలకి 5,360. ఈ అంకెలు సీజన్ని బట్టి మారతాయి, మీ అంకెలు మీరు వేసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళం ఈ విషయంలో అదృష్టవంతులం. గాల్వెస్టన్ హ్యూస్టన్‌కి 50 మైళ్ళు, ఆస్టిన్‌కి సుమారు 210, డాలస్‌కి సుమారు 290. 2000 సంవత్సరం నుంచి కార్నివాల్ వాళ్ళు ఏడాది పొడుగునా అక్కణ్ణుంచి ఓడలు నడుపుతున్నారు. రాయల్ కరీబియన్ 2022లో సొంత టెర్మినల్ తెరిచింది. న్యూజెర్సీ వాళ్ళకి బేయోన్‌లో కేప్ లిబర్టీ ఉంది, పక్కనే మన్‌హాటన్, బ్రూక్లిన్ ఉన్నాయి. మేరీలాండ్, వర్జీనియా వాళ్ళకి బాల్టిమోర్, నార్‌ఫోక్. దక్షిణ కాలిఫోర్నియా వాళ్ళకి లాంగ్‌బీచ్, శాన్ పెడ్రో, శాన్ డియేగో. అట్లాంటా వాళ్ళు జాక్సన్‌విల్‌కి కారులో వెళ్ళిపోవచ్చు. షికాగో వాళ్ళకి ఎలాగూ విమానం తప్పదు కాబట్టి, నేరుగా వెళ్ళే విమానం ఎక్కడికి చవగ్గా ఉందో ముందు చూసి, ఆ తరువాతే ఓడ చూసుకోవడం మంచిది.

అన్నయ్య న్యూజెర్సీలో, మీరు టెక్సస్‌లో, మరదలు కాలిఫోర్నియాలో ఉంటే? అప్పుడు నాకు ఫోర్ట్ లాడర్‌డేల్ నచ్చుతుంది. అక్కడ ఎయిర్‌పోర్టు పక్కనే రేవు, టాక్సీ ఖర్చు తక్కువ. పోర్ట్ కెనావరల్‌లో ఓడలు ఎక్కువే గానీ, ఆర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి సుమారు 45 మైళ్ళు వెళ్ళాలి. పిల్లలతో ఎలాగూ ఆర్లాండో చూడాలనుకునేవాళ్ళకి ఆ దూరం కలిసొస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. చాలామంది "ఓడ అమెరికాలోనే ఎక్కి అమెరికాలోనే దిగుతాం కదా, వీసాల గొడవేముంది?" అంటారు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి పరాయి దేశాల జెండా కింద నడుస్తాయి. 1886లో అమెరికాలో ఒక చట్టం చేశారు. పరాయి జెండా ఓడ అమెరికా రేవుల మధ్యనే జనాన్ని తిప్పకూడదు, దారిలో ఒక్క పరాయి రేవైనా తగలాలి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడ కెనడాలోని విక్టోరియాలో సాయంత్రం కాసేపు ఆగేది అందుకే. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసేస్తే, ఓడలు అలాస్కా వెళ్ళడానికి 2021లో అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేయాల్సివచ్చింది. కాబట్టి మనం ఓడ ఎక్కామంటే దేశం దాటి వెళ్ళి మళ్ళీ వస్తున్నట్టే.

సిటిజన్లకి పెద్ద ఇబ్బంది లేదు. ఒకే రేవులో ఎక్కి అదే రేవులో దిగే ప్రయాణమైతే, ఇక్కడ పుట్టిన పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ కూడా సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు తీసుకోమనే నా సలహా. కోజుమెల్‌లో ఎవరికైనా జబ్బుచేసి విమానంలో వెనక్కి రావాల్సివస్తే బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు. గ్రీన్ కార్డు వాళ్ళు కార్డుతో పాటు ఇండియన్ పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్ళాలి. 2022 ఏప్రిల్ నుంచి కెనడాకి వాళ్ళకి ఈ రెండూ చాలు.

హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సంగతి వేరు. ఇండియన్ పాస్‌పోర్టు మీద కెనడాలో అడుగుపెట్టాలంటే కెనడా వీసా కావాలి. నాకు తెలిసిన ఆరు కుటుంబాలు అలాస్కాకి బుక్ చేసుకున్నాయి. నాలుగు కుటుంబాలు గ్రీన్ కార్డువి, రెండు హెచ్-1బివి. టిక్కెట్లమ్మిన ఏజెంటు "క్రూజ్‌లో వెళ్ళేవాళ్ళకి వీసా అక్కర్లేదు" అన్నాడట. చివరి వాయిదా కట్టేశాక అసలు సంగతి తెలిసింది. ఆ రెండిళ్ళవాళ్ళు ఆగిపోయారు, కట్టిన డబ్బులో చాలా భాగం తిరిగి రాలేదు. వెళ్ళిన నాలుగిళ్ళవాళ్ళకీ మనసులో సంతోషం లేదు. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు గానీ, స్నేహితుల పిల్లలు వీడియోకాల్లో మంచుకొండలు చూసి ఏడిస్తే ఏం చెబుతాం?

మెక్సికో కాస్త సులువు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉన్నవాళ్ళని మెక్సికో వేరే వీసా అడగదు. గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రాత్రుల ఓడలు చాలావరకు కోజుమెల్, ప్రోగ్రెసో వెళ్ళొస్తాయి. లాంగ్‌బీచ్ నుంచి మూడు నాలుగు రాత్రులవి కటలీనా, ఎన్సెనాడా. వీటిలో తగిలే పరాయి దేశం మెక్సికో ఒక్కటే. ఏడు రాత్రులవైతే హోండురస్, బెలీజ్, జమైకా, కేమన్ లాంటివి కలుస్తాయి. అప్పుడు ప్రతి దేశం నియమమూ ఆ దేశపు అధికారిక సైటులో విడివిడిగా చూడాల్సిందే.

పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి, ఐ-94 మాత్రం బతికున్నవాళ్ళు మనలో చాలామంది. వీళ్ళకి ఒక నియమం ఉంది. కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్ళి, అక్కడ కొత్త వీసాకి అప్లై చేయకుండా తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానివ్వవచ్చు. కానీ హెచ్-1బి వాళ్ళకి ఇది ఆ రెండు దేశాలకే. బహామాస్, జమైకా లాంటి దీవులు తగిలితే వర్తించదు. చదువుకునే ఎఫ్-1 పిల్లలకైతే చుట్టుపక్కల దీవులు చాలావరకు ఇందులోకి వస్తాయి, ఐ-20 మీద ప్రయాణపు సంతకం ఉండాలి. పైగా ఇదంతా తిరిగొచ్చేటప్పటి మాట. వెళ్ళేటప్పుడు చెల్లే వీసా లేనివాళ్ళని ఓడ కంపెనీ అసలు ఎక్కనివ్వకపోవచ్చు. అందుకని కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి, మీ ఇమ్మిగ్రేషన్ లాయర్నీ అడగండి. స్టేటస్ మార్పుకి అప్లికేషన్ పెట్టుకుని జవాబు కోసం చూస్తున్నవాళ్ళు ఓడ ఎక్కనే ఎక్కొద్దు. దేశం దాటితే ఆ అప్లికేషన్ వదులుకున్నట్టే లెక్క.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్తుంటే వాళ్ళ వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అని చూడండి. తిరిగి వచ్చేటప్పుడు మరో ఆర్నెల్లు ఇస్తారని మాత్రం లెక్క వేసుకోకండి. మామూలుగా పాత ఐ-94లో మిగిలిన గడువే ఉంటుంది.

మరి ఇలాంటి కాగితాల చిక్కులున్నవాళ్ళు ఓడే ఎక్కకూడదా? ఒక దారుంది. హవాయిలో నార్వీజియన్ కంపెనీ ఓడ ప్రైడ్ ఆఫ్ అమెరికా అని ఉంది. అది అమెరికా జెండా ఓడ. హొనొలులులో ఎక్కి, ఏడు రాత్రులు దీవులు తిరిగి హొనొలులులోనే దిగుతాం. పరాయి రేవు తగలదు. ధర ఎక్కువే, విమానం ఖర్చూ ఎక్కువే. అయినా గుంపులో ఒక్క కుటుంబాన్ని వదిలేసి వెళ్ళడం కన్నా, ఇంకో ఏడాది డబ్బు దాచుకుని అందరూ కలిసి అక్కడికి వెళ్ళడం నయం.

ఇక గుంపు బుకింగ్. చాలా కంపెనీల్లో ఎనిమిది క్యాబిన్లు, అంటే 16 మంది ఉంటే గ్రూపు కింద లెక్క. సుమారు ప్రతి 16 మందికి ఒకరి మూల ఛార్జీ మినహాయిస్తారు. పన్నులు, టిప్పులు మాత్రం కట్టాల్సిందే. ఆ మిగులు ఎవరికి చెందుతుందో మొదటిరోజే అందరి ముందూ తేల్చుకోండి. అందరికీ సమానంగా పంచితే మాట రాదు. గ్రూపు నంబరు ఒకటే ఉన్నా ఎవరి క్యాబిన్‌కి వాళ్ళే సొంత కార్డు మీద కట్టుకోవాలి. చివరి వాయిదా సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది. కాగితాల తనిఖీ అంతకు నెల ముందే పూర్తవ్వాలి.

పేర్ల విషయం మరవకండి. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు తారుమారు కావడం మామూలే. పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం కూడా చూశాను. పాస్‌పోర్టులో ఎలా ఉంటే బుకింగ్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఆరు నెలలు నిండని పసిపిల్లల్ని చాలా ఓడల్లో ఎక్కనివ్వరు. ప్రయాణం ముగిసేలోపు 24వ వారంలో పడే గర్భిణులనీ అంతే.

ఎప్పుడు వెళ్ళాలి? సెప్టెంబరులో, డిసెంబరు మొదట్లో, జనవరిలో ధరలు తగ్గుతాయి. పిల్లల బడి సెలవుల్లో పెరుగుతాయి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం, దారి మారవచ్చు. గాల్వెస్టన్‌లో చలికాలం పొగమంచు వల్ల ఓడలు ఆలస్యమవుతుంటాయి. తిరుగు రోజునే ఆఫీసు మీటింగ్ పెట్టుకోకండి. బాల్టిమోర్‌లో 2024 మార్చి 26న కీ వంతెన కూలినప్పుడు, సముద్రంలో ఉన్న ఓడలు నార్‌ఫోక్‌కి వెళ్ళాల్సివచ్చింది. జనం అక్కడ దిగి బస్సుల్లో తమ కార్ల దగ్గరికి చేరారు. విమానంలో వెళ్ళేవాళ్ళు ఒక రోజు ముందే రేవు ఊరు చేరాలి. ఓడ మన కోసం ఆగదు.

భోజనం గురించి పెద్దవాళ్ళు బెంగపడతారు. బుకింగ్ అప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించండి, మొదటి రాత్రి భోజనశాలలో హెడ్ వెయిటర్‌కి ఇంకోసారి చెప్పండి. చాలా ఓడల్లో వండి పెడతారు. ఇంట్లో చేసిన పులిహోర, రైస్ కుక్కర్ లోపలికి రానివ్వరు. సీలు తీయని చిరుతిళ్ళ ప్యాకెట్లు ఫరవాలేదు. ఓడలో డాక్టరుంటారు గానీ బిల్లు మన ఖాతాలో పడుతుంది. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు అమెరికా బయట పనిచేస్తుందో లేదో తప్పక చూడండి.

ఇంతా విని, "ఇన్ని లెక్కలా?" అని భయపడకండి. పని వరుస తెలిస్తే చాలు. ఈ ఆదివారం అందరి పాస్‌పోర్టులూ, వీసాలూ, ఐ-94లూ ఒక టేబుల్ మీద పెట్టండి. ఎవరు ఏ దేశం దాకా వెళ్ళగలరో రాయండి. అందరూ వెళ్ళగలిగే దేశాలకి వెళ్ళే ఓడలు ఏ రేవు నుంచి ఉన్నాయో చూడండి. వాటిలో గుమ్మం నుంచి గుమ్మానికి ఏది చవకో అది తీసుకోండి. ఓడ ఎంత పెద్దది, అందులో జారుడుబల్లలెన్ని అనేవి ఆ తరువాత పిల్లలు చూసుకుంటారు.